మఠమూ, ఊరూ: కాంక్రీట్‌లో రెండు ప్రయోగశాలలు

1960లో అమెరికా పడమటి భాగాన రెండు పరిశోధన సంస్థలు పుట్టాయి. ఒకటి, పోలియో టీకాతో ప్రపంచమంతా పేరు మోగిన జోనస్ సాల్క్ స్థాపించిన జీవశాస్త్ర సంస్థ. కాలిఫోర్నియాలో శాన్‌డియాగో నగరానికి చేరిన లా హోయాలో, పసిఫిక్ మహాసముద్రం కనబడే మెట్ట మీద ఉంది. రెండోది జాతీయ వాతావరణ పరిశోధన కేంద్రం. అక్కడివాళ్లు పొడి అక్షరాలు కలిపి ‘ఎన్‌కార్’ అంటారు. దాని ప్రధాన భవనమైన మేసా లాబొరేటరీ కొలరాడో రాష్ట్రంలో, రాకీ పర్వతాల అంచున, బౌల్డర్ ఊరికి ఎగువనున్న బల్లపరుపు గుట్ట మీద ఉంది. మొదటిదానికి వాస్తుశిల్పి లూయీ కాన్. ప్రయోగశాలలు 1965కల్లా పూర్తయ్యాయి. రెండోదానికి ఐ. ఎం. పెయ్, దాని ప్రారంభోత్సవం 1967లో జరిగింది.

రెండూ కాంక్రీట్ కట్టడాలే. రెండూ ఎత్తు మీద, ఊరికి ఎడంగా నిలబడినవే. రెండింటి వెనకా తన సంస్థ ఎలా ఉండాలో ఒక కల కన్న శాస్త్రవేత్త ఉన్నాడు. అందుకే ఆధునిక వాస్తు గురించి రాసేవాళ్లు రెండింటినీ ఒకే మాటతో మెచ్చుకుని ముందుకు సాగిపోతారు: ప్రకృతిలో ఒదిగిపోయాయని. ఆ మెప్పు నాకు చాలదనిపిస్తుంది. ఫొటోలో బాగా కుదిరిన ప్రతి కట్టడాన్నీ అలాగే అంటాం. ప్రయోగశాలకు అసలు పరీక్షలు రెండు. లోపల జరిగే శాస్త్రం మారిపోయినప్పుడు భవనం తట్టుకుందా? సంస్థ పెరిగినప్పుడు చుట్టూ ఉన్న నేల ఏమైంది? ఈ రెండు ప్రశ్నలూ అడిగితే కాన్, పెయ్‌ల మధ్య నిజమైన తేడా బయటపడుతుంది.

అడిగినవాళ్లు

వాళ్లు ఎంత తెగించారో తెలియాలంటే అప్పటి వాడుక ఎలా ఉండేదో గుర్తు చేసుకోవాలి. ఆ రోజుల్లో పెద్ద పరిశోధనశాల అంటే పొడుగాటి నడవా, దానికి అటూ ఇటూ ఒకే కొలత గదులు. ఈరో సారినెన్ న్యూయార్క్ దగ్గర యార్క్‌టౌన్ హైట్స్‌లో ఐబీఎంకు 1961లో కట్టిన కేంద్రంలో, వంపు తిరిగిన అద్దాల గోడ వెంట పచ్చని తోటలు కనిపిస్తాయి. కానీ ఆ దృశ్యం నడవాలకే దక్కింది. శాస్త్రవేత్తలు పనిచేసే గదులకు కిటికీలే లేవు. ఆరుబయలు నడిచేటప్పుడు చూసేది, పని కృత్రిమ వెలుగులో జరిగేది అన్నది అప్పటి ఏర్పాటు.

సాల్క్ ఈ లెక్కను ఒప్పుకోలేదు. 1959 చివర్లో కాన్‌ను కలిసినప్పుడు, పికాసోను పిలిచి చూపించుకోదగ్గ ప్రయోగశాల కావాలన్నాడట. ఇటలీలో అస్సీసీలోని సెయింట్ ఫ్రాన్సిస్ మఠం ఆయన మనసులో ఉంది. మధ్యలో ముంగిలి, చుట్టూ సన్యాసుల గదులు, ఒంటరితనమూ సహవాసమూ పక్కపక్కనే ఉండే ఏర్పాటు. శాన్‌డియాగో ఓటర్లు 1960లో ఓటు వేసి మరీ 27 ఎకరాలు ఇచ్చారు. పోలియో నిర్మూలనకు చందాలు పోగుచేసిన ‘మార్చ్ ఆఫ్ డైమ్స్’ డబ్బు సాయం చేసింది.

ఎన్‌కార్ తొలి డైరెక్టర్ వాల్టర్ ఓర్ రాబర్ట్స్ సౌర ఖగోళ శాస్త్రవేత్త. కొలరాడోలోనే క్లైమాక్స్ అనే కొండ ప్రాంతంలో సూర్యుడి వెలుగు వలయాన్ని పరిశీలిస్తూ ఏళ్లు గడిపినవాడు. ఆయనకు పెద్ద హాలూ వద్దు, దొరతనం ఒలికే ప్రధాన ద్వారమూ వద్దు. చిన్న చిన్న గుంపులుగా జనం కూర్చోవాలి, కావలసినప్పుడు ఒంటరిగా ఆలోచించుకోవాలి, అనుకోకుండా ఒకరికొకరు తారసపడాలి. 1961లో ఎంపికైన పెయ్ అప్పటిదాకా భూవ్యాపారి విలియం జెకెన్‌డార్ఫ్ దగ్గర నగరాల్లో పెద్ద పెద్ద కట్టడాలకు ప్లాన్లు గీసిన మనిషి. పర్వతం పక్కన ఏం కట్టాలో తోచక తిరిగి తిరిగి, నైరుతి కొలరాడోలోని మేసా వెర్డేకు వెళ్లాడు. అక్కడ కొండచరియల కింద 13వ శతాబ్దపు ప్యూబ్లో ప్రజల రాతి ఇళ్లున్నాయి. అదే రాయి, అదే రంగు. గోడ ఎక్కడ మొదలైందో చరియ ఎక్కడ ముగిసిందో దూరానికి తెలియదు. చైనాలో చిన్నతనాన తల్లి వెంట వెళ్లిన కొండమీది బౌద్ధ ఆశ్రమాలూ ఆయనకు గుర్తుకొచ్చాయి.

అంటే ఒకరికి మఠం నమూనా అయింది, ఇంకొకరికి ఊరు. మిగతా తేడాలన్నీ ఇక్కడినుంచే మొదలవుతాయి.

కొండ ముందు, సముద్రం ముందు

పర్వతం పక్కన కట్టడం ఎంత కష్టమో పెయ్ మొదటి నమూనాలు వమ్మయ్యాకే తెలుసుకున్నాడు. బౌల్డర్ వెనకాల ‘ఫ్లాటైరన్స్’ అనే ఏటవాలు ఎర్ర రాతిపలకలు ఆకాశానికి ఆనించి నిలబెట్టినట్టుంటాయి. వాటి ముందు మామూలు కిటికీల వరసలతో ఒక మేడ కడితే, చూపు కిటికీలు లెక్కపెట్టి మేడ ఎన్ని అంతస్తులో వెంటనే తేల్చేస్తుంది. ఆ క్షణమే మేడ బొమ్మ అయిపోతుంది. పెయ్ కనిపెట్టిన ఉపాయం ఎత్తు పెంచడం కాదు, కొలత దాచడం. ఐదంతస్తుల టవర్ల గోడలను చాలా మేర ఖాళీగా వదిలాడు. కిటికీలను నిలువు చీలికలుగా ఒకదాని మీద ఒకటి కలిపేశాడు. పైన ముసుగు కప్పినట్టు లోతైన కాంక్రీట్ పందిళ్లు దించాడు. దూరంనుంచి చూస్తే అది ఎన్ని అంతస్తులో చెప్పలేం. అది చిన్నదా పెద్దదా అన్న ప్రశ్నే రాకుండా చేసి పర్వతంతో పోటీ తప్పించుకున్నాడు. దారిని కూడా తిన్నగా వెయ్యలేదు. వంపులు తిరుగుతూ ఎక్కే రోడ్డు మీద భవనం ఒక మలుపులో కనిపించి ఇంకో మలుపులో దాక్కుంటుంది.

కాన్‌కు ఎదురైనది సముద్రం. దానితో పోటీ అన్న మాటే రాదు, అది పడుకుని ఉంటుంది. అందుకే ఆయన దాచలేదు, గురి పెట్టాడు. ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా రెండు పొడుగాటి భవనాలు, నడుమ ట్రావర్టైన్ రాయి పరిచిన ఖాళీ ముంగిలి, దాని మధ్యగా పడమటికి పారే సన్నని నీటి కాలువ. ముంగిలి చివర నేల తెగిపోయి ఆకాశమూ సముద్రమూ మిగులుతాయి. విషువత్తు రోజుల్లో సూర్యుడు సరిగ్గా ఆ కాలువ వరుసలోనే అస్తమిస్తాడు. ఈ అమరికలో మెట్ట లేదు, వాగులు చీల్చిన లోయలు లేవు, తీరపు పొదలు లేవు. ప్రకృతి అంతా రెండే వస్తువులకు కుదించుకుపోయింది: ఒక అడ్డగీత, దాని మీద వెలుగు.

ఆ ఖాళీతనం కాన్ ఒక్కడి ఆలోచన కాదన్నది చరిత్రలో మంచి ఘట్టం. మొదట అక్కడ చెట్లు నాటాలనుకున్నాడు. తోట గురించి సలహా అడుగుదామని 1966లో మెక్సికో వాస్తుశిల్పి లూయిస్ బరగాన్‌ను పిలిపించాడు. బరగాన్ గోడల మధ్య నిలబడి, ఇక్కడ చెట్టూ వద్దు ఆకూ వద్దు, రాతి ముంగిలిగా వదిలేస్తే ఆకాశమే మీ భవనానికి ముఖం అవుతుందన్న అర్థం వచ్చేలా చెప్పాడు. ఒప్పుకోవడంలో కాన్ గొప్పతనం ఉంది. తన భవనానికి పేరు తెచ్చిన ఆ ముంగిలిలో ఆయన చేసిన పెద్ద పని తన తోటను వదులుకోవడం.

ఈ అంశంలో నా మొగ్గు పెయ్ వైపు. సాల్క్ ముంగిలి మనిషిని నిలువునా ఆపేస్తుంది, సందేహం లేదు. కానీ అది ఒకే చోటినుంచి, ఒకే దిక్కుకు, ఇంచుమించు ఒకే క్షణంలో పలికే గొప్పతనం. పక్కకు తప్పుకుంటే ఆ పట్టు సడలుతుంది. మేసా లాబొరేటరీకి ముఖమంటూ ఒకటి లేదు. చుట్టూ నడిచేవాడికి అడుగడుగునా వేరే భవనం కనిపిస్తుంది. కొండ కూడా అలాగే కనిపిస్తుంది కదా.

ఒకే కాంక్రీట్, రెండు నీతులు

ఇద్దరూ వాడింది కాంక్రీటే అయినా దాన్ని నమ్మిన తీరు వేరు. కాన్‌కు కాంక్రీట్ తన పుట్టుక తనే చెప్పుకోవాలి. సాల్క్ గోడల మీద సెంట్రింగ్ పలకల అతుకులు గీతలుగా అలాగే ఉన్నాయి. పలకలను బిగించిన చోట మిగిలిన రంధ్రాలు కూడా వరసగా కనిపిస్తాయి. వాటిని సీసంతో మూశారు. పోత పోశాక సాన పట్టలేదు, రంగు వెయ్యలేదు, మెత్తలేదు. పొజొలానా కలిపిన సిమెంట్ వల్ల గోడలకు లేత గులాబీ ఛాయ వచ్చింది. గదుల ముఖాన టేకు చెక్క. ఇంత నిగ్రహంగా పోసిన కాంక్రీట్ 20వ శతాబ్దంలో బహు అరుదు.

పెయ్‌కు కాంక్రీట్ కొండలా ఉండాలి. స్థానికంగా దొరికే ఎర్ర ఇసుకరాతిని కంకరగా కలిపించాడు. సెంట్రింగ్ విప్పాక గోడల పైపొరను సుత్తులతో కొట్టించి లోపలి రాయి బయటపడేలా చేశాడు. అలా గోడ మీద పలకల గుర్తులు పోయాయి, ఎలా కట్టారన్న ఆనవాళ్లు పోయాయి, ఎండకూ వానకూ అరిగిన గరుకుతనం మాత్రం మిగిలింది. కాన్ అభిమానులు దీన్ని వేషం అంటారు. నిజమే, అది వేషమే. కానీ ఆ వేషం బాగా నిలిచింది. సాల్క్‌లో టేకు తలుపులూ కిటికీలూ సముద్రపు గాలికి చెడి, బూజు మచ్చలు పట్టి, చెదలు తిని, చివరికి 203 కిటికీ గోడలనూ బాగు చేయవలసి వచ్చింది. గెటీ పరిరక్షణ సంస్థ తోడ్పాటుతో ఆ పని 2017లో ముగిసింది. గంటకు నూరు మైళ్లు దాటే కొండగాలులు తెలిసిన బౌల్డర్‌లో ఆ గరుకు ఎర్రగోడలకు వయసు మీదపడినట్టే అనిపించదు. నిజాయితీ ఖరీదైనదని సాల్క్ నేర్పుతుంది. అంతమాత్రాన అది వద్దనలేం. సాల్క్ గోడను దగ్గరగా చూసి చెయ్యి పెట్టకుండా ఉండటం కష్టం.

లోపల జరిగే పని

మొదటి పరీక్షకు వచ్చేశాం. ఇక్కడ కాన్‌కు సాటి లేదు. దానికి కారణం ఆయన అంతకుముందు తిన్న దెబ్బ. ఫిలడెల్ఫియాలో రిచర్డ్స్ వైద్య పరిశోధనశాలలను ఆయన టవర్లుగా కట్టాడు. వాస్తు లోకం కీర్తించింది, లోపలి శాస్త్రవేత్తలు తిట్టుకున్నారు. గదులు ఇరుకు, ఎండ నేరుగా కళ్లలో పడేది, కిటికీలకు రేకు కాగితాలు అంటించుకున్నారు. సాల్క్‌లో దానికి పూర్తిగా ఎదురు దిశలో నడిచాడు. 65 అడుగుల వెడల్పు, 245 అడుగుల పొడవున్న హాళ్లు. మధ్యలో ఒక్క స్తంభమూ అడ్డు రాదు. పైకప్పు బరువు మోసేవి ఇంజినీర్ ఆగస్ట్ కొమెండెంట్ లెక్కగట్టిన వీరెన్‌డీల్ దూలాలు, అంటే నడుమ ఖాళీలు వదిలిన లోతైన దూలాలు. ఆ దూలాల లోతునే ఒక అంతస్తుగా వాడుకున్నాడు కాన్. ప్రతి ప్రయోగశాల అంతస్తు పైనా మనిషి నిలబడి తిరగగలిగే సేవా అంతస్తు ఉంటుంది. నీళ్లు, గ్యాస్, కరెంటు, గాలి గొట్టాలన్నీ అందులోనే. కింద ప్రయోగం సాగుతుండగానే పైన పనివాళ్లు గొట్టం మార్చుకోవచ్చు. 1960ల జీవశాస్త్రం పరీక్షనాళికలతో సాగింది; తర్వాత జన్యువులు వచ్చాయి, తర్వాత కంప్యూటర్లు, లేజర్ సూక్ష్మదర్శినులు వచ్చాయి. ప్రతిసారీ లోపల గోడలు కదిలాయి. బయట ఒక్క గీత కదల్లేదు.

శాస్త్రవేత్త ఆలోచించుకునే చోటును ప్రయోగశాలనుంచి వేరు చేయడం కాన్ చేసిన ఇంకో పని. ముంగిలి వైపు టవర్లలో 36 చిన్న గదులున్నాయి. వాటి గోడలను 45 డిగ్రీలు తిప్పి ప్రతి గదికీ సముద్రం కనిపించేలా చేశాడు. ఈ గదులు సేవా అంతస్తుల మట్టంలో ఉంటాయి. కాబట్టి ప్రయోగశాల వదిలి వంతెన దాటి, మెట్లెక్కి వెళితే తప్ప అందవు. చేతిపనికీ ఆలోచనకూ మధ్య నాలుగు మెట్లు ఎక్కించడం శ్రమ పెట్టడమే. కాని మఠం లక్షణం అదే.

మేసా లాబొరేటరీలో ఇలాంటి ఏర్పాటు లేదు. చాలావరకు దాని అవసరమూ లేదు. పోలిక పెట్టేవాళ్లు తరచు మరిచిపోయే విషయం ఇది. వాతావరణ శాస్త్రవేత్తకు ప్రయోగశాల బయట ఉంది, ఆకాశంలో. అతనికి కావలసింది బల్ల, నల్లబల్ల, లెక్కల యంత్రం, వాదించే తోడు. అందుకే చిన్న గదులూ మలుపుల నడవాలూ చాలాకాలం సరిపోయాయి. టవర్ల నెత్తిన మెలికల మెట్లెక్కి చేరే ‘కాకిగూళ్లు’ అనే చిన్న గదులున్నాయి. సాల్క్ సన్యాసి గదులకు అవి అక్కచెల్లెళ్లే. కాకపోతే ఇక్కడ ఒకరికి దక్కితే ఇంకొకరికి దక్కనంత తక్కువ.

చిక్కు కంప్యూటర్లతో వచ్చింది. 1977లో క్రే-1 సూపర్ కంప్యూటర్ నేలమాళిగలోకి చేరింది. తర్వాత యంత్రాలు, వాటికి కావలసిన కరెంటు, చల్లదనం గుట్ట మోయలేనంత పెరిగాయి. 2012లో పొరుగు రాష్ట్రమైన వయోమింగ్‌లో షయెన్ దగ్గర వాటికి వేరే కేంద్రం తెరిచారు. శాస్త్రం మారినప్పుడు సాల్క్ భవనం లోపలే సర్దుకుంది. మేసా లాబొరేటరీ తన గుండెకాయ లాంటి యంత్రాన్ని బయటికి పంపించవలసి వచ్చింది. ఇంకో లోపం కూడా చెప్పాలి. అంత పర్వతం చుట్టూ ఉండి కూడా సన్నని చీలికల్లోంచే చూడవలసిన గదులు లోపల చాలా ఉన్నాయి. బయట కొలత దాచినందుకు కట్టిన మూల్యం అది.

కలుసుకునే చోటు

మఠంలో సన్యాసులు కలిసే చోటు భోజనశాల. సాల్క్ మొదటి పథకంలో కొండకొసన సముద్రానికి దగ్గరగా ఒక సమావేశ భవనం, నివాస గృహాలు ఉన్నాయి. అవి కట్టలేదు. మిగిలిన ముంగిలి చూసేవాళ్లకు గుడి ప్రాంగణంలా తోస్తుంది. పనిచేసేవాళ్లకు అది దాటి వెళ్లే చోటు. నీడ లేదు, మధ్యాహ్నం రాతి మీద వెలుగు కళ్లు మిరుమిట్లు గొలుపుతుంది. శాస్త్రవేత్తలను కలపవలసిన అంగం కాగితం మీదే ఉండిపోయింది.

ఎన్‌కార్‌లో కూడా ఒక అంగం లేకుండానే పోయింది. పెయ్ గీసిన మూడో టవర్ సముదాయం కట్టలేదు. కానీ రాబర్ట్స్ కోరిన తారసపాటు మాత్రం కట్టినదాంట్లోనే జరిగింది. నడవాలు తిన్నగా ఉండవు, మెట్లు ఊహించని చోట తేల్తాయి, కొత్తవాళ్లు తప్పకుండా దారి తప్పుతారు. దారి అడగక తప్పని చోట మాట కలవక తప్పదు. ఊరి సందుల్లో జరిగేది ఇదే. ఆ భవనపు వింత రూపం సినిమావాళ్లనూ ఆకర్షించింది. వుడీ అలెన్ 1973 నాటి ‘స్లీపర్’ చిత్రంలో భవిష్యత్తు ప్రపంచంగా చూపించింది దీన్నే.

పెరిగినప్పుడు

రెండో పరీక్షలో ఫలితం తారుమారవుతుంది. సాల్క్ ముంగిలికి తూర్పున, అంటే వచ్చే దారిలో, యూకలిప్టస్ తోపు ఉండేది. చెట్ల నీడలోంచి నడిచి వచ్చిన మనిషికి హఠాత్తుగా రాయి, వెలుగు, సముద్రం ఎదురయ్యేవి. 1990ల మొదట్లో సంస్థకు కొత్త భవనాలు కావలసి వచ్చాయి. ఎందరో వాస్తుశిల్పులు అభ్యంతరం చెప్పినా ఆ తోపు చాలామట్టుకు కొట్టేసి అక్కడే కట్టారు. ప్లాన్లు గీసినవాళ్లలో కాన్ దగ్గర పనిచేసిన మనిషి కూడా ఉన్నాడు. కట్టడం మర్యాదగానే ఉంది. పోయింది మాత్రం నీడనుంచి వెలుగులోకి వచ్చే ఆ అడుగు. సముద్రం వైపు చూపును అంత జాగ్రత్తగా కాపాడిన పథకంలో వెనకవైపు నేలకు కాపలా లేదు. కాన్ తన భవనం లోపల మార్పుకు చోటు వదిలాడు. సంస్థ పెరుగుదలకు బయట ఎక్కడ చోటో చెప్పలేదు.

బౌల్డర్‌లో కథ అసలు ఒప్పందంతోనే మొదలైంది. కొండలమీదికి ఇళ్లు పాకకుండా, సముద్రమట్టానికి 5,750 అడుగుల పైన నగరం నీళ్లివ్వకూడదని 1959లో ఊరివాళ్లు ఓటు వేసి ‘బ్లూ లైన్’ గీసుకున్నారు. ఎన్‌కార్ గుట్ట ఆ గీతకు పైన ఉంది. 1961లో మళ్లీ ఓటు వేసి ఈ ఒక్క సంస్థకు మినహాయింపు ఇచ్చారు. దానికి బదులుగా గుట్టను ఆరుబయలుగా ఉంచుతామని రాబర్ట్స్ మాటిచ్చాడు. ఆ మాట నిలిచింది. సంస్థ పెరిగినప్పుడు కొత్త కార్యాలయాలు కింద ఊళ్లోకి, యంత్రాలు షయెన్‌కు వెళ్లాయి. గుట్ట గుట్టగానే ఉంది. భవనం వెనకనుంచి కాలిబాటలు కొండల్లోకి పోతాయి. వాటిమీద ఎవరైనా నడవచ్చు, జింకలు మేస్తుంటే చూడవచ్చు. 2022 మార్చిలో కార్చిచ్చు దాదాపు 190 ఎకరాలు కాల్చినప్పుడు కూడా భవనానికి నష్టం జరగలేదు.

ఇందులో పెయ్ గొప్పతనం ఎంత, ఊరి ఓటర్ల గొప్పతనం ఎంత అని విడదీయడం కష్టం, అనవసరం కూడా. కొండ పక్కన తలవంచి నిలబడే భవనాన్ని ఆయన ఇచ్చాడు కాబట్టి చుట్టూ ఏమీ కట్టకుండా ఉండటం సహజంగా తోచింది. ఊరు షరతు పెట్టింది కాబట్టి ఆ భవనం కొండతో ఒంటరిగా మిగిలింది.

మన దేశంలో వాస్తు విద్యార్థులకు కాన్ బాగా పరిచయం. ఆయన రూపొందించిన అహ్మదాబాద్ ఐఐఎం చూసినవాళ్లకు ఆయన మీద భక్తి సహజంగానే కలుగుతుంది. 1974లో ఆయన చనిపోయింది కూడా అహ్మదాబాద్‌నుంచి తిరిగి వెళుతూ న్యూయార్క్ రైల్వే స్టేషన్‌లోనే. ఆ భక్తి నాకూ ఉంది. అందుకే తీర్పును రెండుగా చెప్పడం న్యాయం. ఈ రెండింటిలో గొప్ప కట్టడం ఏదంటే సాల్క్; ప్రయోగశాల లోపలి అమరికలో కాన్ చూపిన దారిని ఆ తర్వాత కట్టినవాళ్లు వదిలిపెట్టలేకపోయారు, వదిలిపెట్టకూడదు కూడా. కానీ కొండ మీదో తీరాన్నో ప్రయోగశాల కట్టబోయేవాళ్లు ముందు వెళ్లి చూడవలసింది మాత్రం బౌల్డర్‌నే. గోడ రంగు కోసం కాదు, పెయ్ వంపుల కోసమూ కాదు. ఎంత కట్టాలన్న ప్లాను గీసే ముందే ఎంత నేల ఎన్నటికీ కట్టకుండా వదలాలో రాసుకుని, దాన్ని ఊరి సాక్షిగా ఒప్పుకున్నారు చూడండి, ఆ పని కోసం.